రష్యాలో రాత్రి రైళ్లలో చిన్న బృందంతో ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి బైకాల్ సరస్సు దాకా రాత్రి రైళ్లలో చిన్న బృందాలను తీసుకెళ్తుంటాం. బయల్దేరే ముందు ఫోన్ చేసి అడిగేవాళ్ల సందేహాలు దాదాపు ఒకటే. వాటికి జవాబులు ఒకచోట ఉంటే ఇంట్లో అందరూ కూర్చుని చదువుకుంటారని ఇది రాశాం. వీసా, డబ్బు, ఇంటర్నెట్ నిబంధనలు ఈమధ్య తరచూ మారుతున్నాయి. టికెట్లు కొనే ముందు రష్యా విదేశాంగ శాఖ ఈ-వీసా సైటునూ, మాస్కోలోని మన రాయబార కార్యాలయం ఇచ్చే సూచనలనూ ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు రష్యా వెళ్లడం సేఫేనా?

2022 ఫిబ్రవరి నుంచి ఉక్రెయిన్‌తో యుద్ధం నడుస్తోంది. దాన్ని పక్కనబెట్టి మాట్లాడటం మాకు ఇష్టం లేదు. సరిహద్దుకు దగ్గరగా ఉన్న బెల్గొరొద్, కుర్స్క్, బ్రియాన్‌స్క్ ప్రాంతాల వైపు మేం వెళ్లం. పీటర్స్‌బర్గ్, కజాన్, ఎకాతెరిన్‌బర్గ్, ఇర్కుత్స్క్‌లలో రోజువారీ జీవితం మామూలుగానే సాగుతోంది. అయితే డ్రోన్ల హెచ్చరిక వస్తే మాస్కో విమానాశ్రయాల్లో విమానాలు కొన్ని గంటలు ఆగిపోతాయి. అందుకే తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుతాం. ఆ రోజును దండగ అనుకోవద్దు. ఇంట్లోవాళ్లకు ఇది నచ్చకపోతే బలవంతంగా ఒప్పించి రావద్దు, ఇంకో ఏడాది రండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. హెల్పర్ ఉద్యోగం, సెక్యూరిటీ ఉద్యోగం అన్న ఏజెంట్ల మాటలు నమ్మి వెళ్లి రష్యా సైన్యంలో ఇరుక్కున్న భారతీయుల్లో హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. అలాంటి ఆఫర్ల జోలికి వెళ్లొద్దని మన విదేశాంగ శాఖ ఒకటికి రెండుసార్లు హెచ్చరించింది. టూరిస్టు వీసా మీద వెళ్లినవాళ్లు అక్కడ ఏ పని కాగితం మీదా, అర్థంకాని ఏ రష్యన్ కాగితం మీదా సంతకం పెట్టకూడదు.

వీసా సంగతి?

2023 ఆగస్టు నుంచి భారతీయులకు ఈ-వీసా ఉంది. ఇంట్లో కూర్చుని అప్లై చేసుకోవచ్చు, సాధారణంగా నాలుగు రోజుల్లో వస్తుంది. మొదట్లో 16 రోజులే ఉండనిచ్చేవారు, 2025 ఆగస్టులో దాన్ని 30 రోజులకు పెంచారు. ఒక్కసారి ప్రవేశానికే పనికొస్తుంది. ప్రకటించిన సరిహద్దు కేంద్రాల నుంచే రావాలి, పోవాలి. మాస్కో, పీటర్స్‌బర్గ్ పెద్ద విమానాశ్రయాలు ఆ జాబితాలో ఉన్నాయి.

ఫారంలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయండి. మనలో చాలామందికి ఇంటిపేరు ముందు ఉంటుంది, కొందరికి పొడి అక్షరాలే ఉంటాయి. రైలు టికెట్ కూడా పాస్‌పోర్టు నంబరు మీదే ఇస్తారు. బోగీ తలుపు దగ్గర అటెండెంట్ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. పేరు తేడా వస్తే అర్ధరాత్రి ప్లాట్‌ఫాం మీద టెన్షన్ పడాల్సి వస్తుంది.

హోటల్‌లో దిగగానే వాళ్లు మీ పేరు వలస విభాగంలో నమోదు చేసి చిన్న చీటీ ఇస్తారు. దేశం దాటేదాకా దాన్ని పారేయొద్దు. రైలు టికెట్ల కాగితాలు కూడా దాచుకోండి, ఏ రాత్రి ఎక్కడ ఉన్నారో చెప్పడానికి అవే ఆధారం.

విమానాలుండగా రాత్రంతా రైలెందుకు?

మాస్కో నుంచి ఇర్కుత్స్క్‌కు విమానంలో ఆరు గంటలైనా పట్టదు. రైలు దారిలో అదే 5,185 కిలోమీటర్లు. విమానంలో వెళ్తే రెండు ఊళ్లు చూసినట్టు అవుతుంది, దేశం చూసినట్టు కాదు. ఎకాతెరిన్‌బర్గ్ దాటాక ఒక పూటంతా భూర్జ చెట్లే కనిపిస్తాయి. తెల్లటి మానులు, మధ్యలో చిత్తడి నేల, ఎక్కడో ఒక చెక్క ఇల్లు, కిటికీలకు నీలం రంగు, పెరట్లో బంగాళాదుంప మళ్లు. నిద్రపోయి లేస్తే మళ్లీ అవే చెట్లు. అప్పుడు తెలుస్తుంది రష్యా ఎంత పెద్దదో. ఆ ఎరుక కోసమే మేం రైలు ఎంచుకున్నాం. డబ్బు మిగులుతుందనో, హోటల్ ఖర్చు తగ్గుతుందనో కాదు.

మా అభిప్రాయంలో రాత్రి రైలు ప్రయాణం బాగుండాలంటే ఒకటే నియమం: వరుసగా వేర్వేరు రైళ్లలో రాత్రుళ్లు గడపకూడదు. ఒక రైలు దిగాక కనీసం రెండు రాత్రులు హోటల్లో పడుకోవాలి. రెండు వారాల్లో పది ఊళ్లు చూపిస్తామనే ప్యాకేజీలు ఇక్కడే దెబ్బతింటాయి. మూడో రైలు ఎక్కేసరికి అందరికీ ఒళ్లునొప్పులు, చిరాకు, తర్వాత ఊరు ఏం చూశారో కూడా గుర్తుండదు.

రూటు ఎలా ఉంటుంది?

మాస్కోలో దిగి, పగటిపూట సప్సాన్ రైల్లో నాలుగు గంటల్లో పీటర్స్‌బర్గ్ వెళ్తాం. అక్కడ మూడు రాత్రులు. తిరుగు ప్రయాణం క్రాస్నయా స్త్రెలా, అంటే ‘ఎర్ర బాణం’ రైల్లో. 1931లో మొదలైన ఈ రైలు రెండు నగరాల నుంచీ రాత్రి 11:55కే బయల్దేరుతుంది, పొద్దున్న ఎనిమిది లోపు చేరుస్తుంది. పీటర్స్‌బర్గ్‌లో అది కదిలేటప్పుడు స్టేషన్లో ఆ నగర గీతం వినిపిస్తారు. సామాను సర్దుకుంటూ కూర్చోకుండా ఆ రెండు నిమిషాలు కిటికీ దగ్గరికి రండి.

మాస్కోలో ఆగాక కజాన్‌కు ఒక రాత్రి. తెల్లటి క్రెమ్లిన్, అంటే కోట గోడల లోపల పక్కపక్కనే చర్చీ, కుల్ షరీఫ్ మసీదూ ఉన్న ఊరు. ఆ కోట 2000లో యునెస్కో జాబితాలో చేరింది. అక్కడి నుంచి ఎకాతెరిన్‌బర్గ్‌కు ఇంకో రాత్రి. 1918 జులైలో చివరి జార్ కుటుంబాన్ని కాల్చిచంపిన ఊరు ఇదే. ఆ ఇల్లున్న చోట ఇప్పుడు చర్చి ఉంది. ఆ తర్వాత అసలు ప్రయాణం, ఇర్కుత్స్క్ దాకా రెండు రాత్రులకు పైగా ఒకే రైలు. దారిలో నొవొసిబిర్స్క్‌లో ఓబ్ నది, క్రాస్నొయార్స్క్‌లో యెనిసెయ్ నది దాటుతాం. ఇర్కుత్స్క్ నుంచి బైకాల్, అక్కడి నుంచి పగటి రైల్లో ఉలాన్-ఉదె, తర్వాత విమానంలో మాస్కో.

లైను చివరన ఉన్న వ్లదివొస్తోక్ దాకా, అంటే మాస్కో నుంచి మొత్తం 9,288 కిలోమీటర్లూ వెళ్లాలని కొందరు అడుగుతారు. వెళ్లొచ్చు. కానీ దిగకుండా ఏడు రోజులు రైల్లోనే కూర్చోవడం అందరికీ పడదు.

ఏ క్లాసులో టికెట్లు తీస్తారు?

మూడు రకాలున్నాయి. ఎస్‌వీలో గదికి ఇద్దరు. కూపేలో నలుగురు, తలుపు వేసుకోవచ్చు. ప్లాట్స్‌కార్ట్ అంటే తలుపుల్లేని బోగీ, 54 బెర్తులు, మన స్లీపర్ క్లాసులాగే సైడ్ లోయర్, సైడ్ అప్పర్ ఉంటాయి. కిందివి బేసి నంబర్లు, పైవి సరి నంబర్లు.

మా బృందానికి కూపే తీస్తాం. ఎనిమిది మందో, పన్నెండు మందో ఉండాలని పట్టుబట్టేది కూడా ఇందుకే. నలుగురు చొప్పున గదులు సరిగ్గా నిండితే మధ్యలో తెలియనివాళ్లు రారు. బెర్తులు ఎవరికి ఎక్కడనేది మాస్కోలో అందరం కూర్చుని తేల్చుకుంటాం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కిందివి. పై బెర్తులకు మెట్టు ఉంటుంది కానీ చిన్నది, రాత్రిపూట దిగడం కష్టమే. 33 నుంచి 36 నంబర్లు టాయిలెట్ పక్కన పడతాయి, తలుపు చప్పుడు తెల్లవార్లూ వినిపిస్తుంది. అవి తీసుకోం.

అయినా కజాన్ రాత్రి ఒక్కటైనా ప్లాట్స్‌కార్ట్‌లో వెళ్లమని ఓపిక ఉన్నవాళ్లకు చెబుతాం. కూపేలో మనవాళ్లమే ఉంటాం, తెలుగే మాట్లాడుకుంటాం. ప్లాట్స్‌కార్ట్‌లో సెలవు మీద ఇంటికెళ్లే విద్యార్థులు, మనవళ్లను చూడబోయే బామ్మలు ఎదురు సీటులో ఉంటారు. ఆరడుగులు దాటినవాళ్లు మాత్రం సైడ్ బెర్తులు వద్దనండి, కాళ్లు నడవాలోకి వస్తాయి.

ఒంటరిగా వచ్చే ఆడవాళ్లు?

వస్తున్నారు, హాయిగా తిరిగి వెళ్తున్నారు. బృందంలో ఆడవాళ్లు నలుగురుంటే వాళ్లకో కూపే ఇస్తాం. లేకపోతే కొన్ని రైళ్లలో ఆడవాళ్లకు మాత్రమే కేటాయించిన కూపేలు ఉంటాయి, అందులో తీసుకుంటాం. కూపేలో ఎవరైనా బట్టలు మార్చుకోవాలంటే మిగతావాళ్లు అడక్కుండానే నడవాలోకి వెళ్లిపోవడం అక్కడి మర్యాద.

బోగీలో ఎలా ఉంటుంది?

ప్రతి బోగీకి అటెండెంట్ ఉంటుంది. ఆమెను ప్రవద్నిత్స అంటారు. ప్లాట్‌ఫాం మీద యూనిఫాంలో నిలబడి పాస్‌పోర్టులు చూసేదీ, బోగీ శుభ్రంగా ఉంచేదీ, టీ అమ్మేదీ, మీ స్టేషన్ రావడానికి ముందే తలుపు తట్టి లేపేదీ ఆమే. మొదట్లో ముఖం గంభీరంగా ఉంటుంది. కోపమని అనుకోవద్దు, అక్కడ పనిలో ఉన్నవాళ్లు ఊరికే నవ్వరు. రెండో రోజుకు బృందంలో పెద్దవాళ్లెవరికి కింద దుప్పటి కావాలో ఆమెకే తెలిసిపోతుంది.

ఎక్కగానే చేయాల్సిన పని చెప్పులు మార్చుకోవడం. అక్కడివాళ్లు రైలెక్కిన పది నిమిషాలకల్లా ఇంటి బట్టలు వేసుకుని స్లిప్పర్లలో తిరుగుతారు. కింది బెర్తు పైకెత్తితే పెట్టె పట్టే అర ఉంటుంది. సీల్ చేసిన కవరులో ఉతికిన దుప్పట్లు, దిండు గలీబు, చిన్న తువ్వాలు ఇస్తారు. పరుపు చుట్టి ఉంటుంది, పరుచుకోవడం మన పని. దిగేముందు వాడిన దుప్పట్లు మడిచి తిరిగి ఇవ్వాలి.

అటెండెంట్ గది దగ్గర గోడకు పెద్ద నీళ్ల బాయిలర్ ఉంటుంది. తితాన్ అంటారు. ఇరవై నాలుగు గంటలూ మరిగే నీళ్లు, ఉచితం. బోగీలో బతుకంతా దాని చుట్టూనే తిరుగుతుంది. పొద్దున ఏడింటికి కప్పులు, నూడుల్స్ డబ్బాలు పట్టుకుని క్యూ కడతారు. రైలు ఊగుతుంటుంది కాబట్టి కప్పు సగమే నింపండి, పిల్లల్ని ఒంటరిగా పంపొద్దు. టీ గాజు గ్లాసులో, చెక్కిన లోహపు పిడిలో పెట్టి ఇస్తారు. ఆ పిడిని పొద్‌స్తకాన్నిక్ అంటారు. గ్లాసు కాలినా చెయ్యి కాలదు. బరువుగా ఉండటంతో రైలు మలుపు తిరిగినా ఒలకదు, చెంచా మాత్రం గ్లాసు అంచుకు తగిలి రాత్రంతా సన్నగా మోగుతుంది. నచ్చితే అటెండెంట్ దగ్గరే కొత్తది కొనుక్కోవచ్చు.

బోగీలో సిగరెట్ పూర్తిగా నిషేధం, ప్లాట్‌ఫాం మీద కూడా. బయటి నుంచి తెచ్చిన మందు తాగడమూ నిషేధమే, దీనిమీద పోలీసులు వస్తారు.

టాయిలెట్లు, స్నానం?

అందరూ కాస్త మొహమాటంగా అడిగే ప్రశ్న, కానీ అడగాల్సిందే. బోగీకి రెండు వెస్ట్రన్ టాయిలెట్లు. కొత్త బోగీల్లో బయో టాయిలెట్లు, ఎప్పుడూ తెరిచే ఉంటాయి. పాత బోగీల్లో పెద్ద స్టేషన్ రావడానికి కాస్త ముందే తాళం వేసి, స్టేషన్ దాటాక తీస్తారు. ఆ వేళలు తలుపు మీద అంటించి ఉంటాయి. కాగితమే, నీళ్ల పైపు ఉండదు. ఒక మగ్గో, మూత ఉన్న బాటిలో తప్పకుండా తెచ్చుకోండి.

పాత బోగీల వాష్‌బేసిన్ కుళాయి చూసి మనవాళ్లు నీళ్లు రావడం లేదని బయటికి వచ్చేస్తారు. తిప్పే పిడితో పాటు కుళాయి మూతి కింద చిన్న మేకులాంటిది వేలాడుతుంది. దాన్ని అరచేత్తో పైకి నొక్కి పట్టుకుంటేనే నీళ్లొస్తాయి, వదిలితే ఆగిపోతాయి. నీళ్లు వృథా కాకుండా చేసిన ఏర్పాటు అది.

దూరం వెళ్లే కొన్ని రైళ్లలో ఒక బోగీలో షవర్ ఉంటుంది, డబ్బు కట్టి వాడుకోవచ్చు. లేని రైళ్లలో తడి తువ్వాలుతో సరిపెట్టుకోవాలి. ఇర్కుత్స్క్‌లో దిగగానే హోటల్ గదులు సిద్ధంగా ఉండేలా ముందు రాత్రికి కూడా అద్దె కడతాం.

తిండి సంగతి? మేం శాకాహారులం.

రెస్టారెంట్ బోగీ ఉంటుంది. బోర్ష్ సూప్, మాంసం కూరిన పెల్మెనీ, చికెన్ కట్లెట్, బంగాళాదుంప వేపుడు దొరుకుతాయి. మాంసాహారులకు ఇబ్బంది లేదు. శాకాహారులకు అక్కడ మిగిలేది బ్రెడ్డు, గ్రేచ్కా అనే గింజల అన్నం, సలాడ్, వెన్నతో బంగాళాదుంప. బోర్ష్‌లో బీట్‌రూటే కనిపించినా ఉడికించేది సాధారణంగా మాంసం రసంలో. ‘బెజ్ మ్యాసా’, అంటే మాంసం లేకుండా అని చెప్పినా ముక్కలు తీసేసి అదే సూప్ పోసే అవకాశం ఉంది. పట్టింపు ఉన్నవాళ్లు సూప్ మానేయడమే మంచిది. ఈస్టర్ ముందు ఉపవాస వారాల్లో వెళ్తే మాత్రం ఊళ్లలోని హోటళ్లలో మాంసం, పాలు, గుడ్డు లేని ప్రత్యేక మెనూ దొరుకుతుంది. అది శాకాహారులకు వరం.

రైల్లో మన ఆధారం తితానే. వేడినీళ్లు పోసి మూతపెడితే తయారయ్యే ఉప్మా, పోహా, సాంబారన్నం ప్యాకెట్లు మనిషికి ఆరేడు తెచ్చుకోండి. కందిపొడి, కరివేపాకు కారం, పులిహోర పేస్టు కంపెనీ ప్యాకింగ్‌లో తెచ్చుకుంటే కస్టమ్స్‌లో ఇబ్బంది ఉండదు. ఇంట్లో కట్టిన పొట్లాలు, నూనె కారే సీసాలు వద్దు. తలుపు మూసిన చిన్న గది కాబట్టి ఆవకాయ డబ్బా తెరిస్తే రాత్రంతా ఆ వాసనే. మేం మాత్రం పెద్ద స్టేషన్ వచ్చేదాకా ఆగి తెరుస్తాం.

జంతికలు, చెక్కలు, కాజాలు కాస్త ఎక్కువే తీసుకురండి. అవి మీకోసం కాదు. ఎదురు సీటువాళ్లు ఉడకబెట్టిన గుడ్లు, దోసకాయలు, ఇంట్లో చేసిన పిరొష్కీలు (లోపల కూర పెట్టిన బన్నులు) బల్లమీద పెట్టి తినమంటారు. వద్దన్నా వినరు. మనమూ ఏదో ఒకటి పెట్టాలి. భాష రాకపోయినా తాపేశ్వరం కాజా చేతిలో పెడితే ముఖాలు ఎలా విప్పారతాయో చూడాలి. ఈ తిండి పంపకం దగ్గరే ఈ ప్రయాణం టూర్‌లా కాకుండా చుట్టాలింటికి వెళ్లినట్టు అనిపిస్తుంది.

ఆగే స్టేషన్లలో బామ్మలు వండుకొచ్చి అమ్మడం మునుపటికన్నా తగ్గింది. బరాబిన్‌స్క్ లాంటి చోట్ల పొగపెట్టిన, ఎండబెట్టిన చేపలు మాత్రం ఇంకా వస్తున్నాయి.

గడియారం ఏ టైం ప్రకారం పెట్టుకోవాలి?

2018 ఆగస్టు దాకా దేశమంతటా రైళ్ల టైంటేబుల్ మాస్కో సమయంలోనే ఉండేది. ఇప్పుడు టికెట్ మీద ఏ స్టేషన్‌కు ఆ స్టేషన్ సమయం వేస్తారు. మాస్కో మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఎకాతెరిన్‌బర్గ్ అరగంటే వెనక. ఇర్కుత్స్క్ చేరేసరికి మనకన్నా రెండున్నర గంటలు ముందుంటాం. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

కార్డులు పనిచేస్తాయా?

చేయవు. 2022 మార్చి నుంచి రష్యా బయట ఇచ్చిన వీసా, మాస్టర్ కార్డులు అక్కడ పనికిరావు. డాలర్లో, యూరోలో తెచ్చుకుని బ్యాంకులో రూబుళ్లుగా మార్చుకోవాలి. నోట్లు కొత్తవి, మడతలు, రాతలు లేనివి అయ్యుండాలి. మన రూపాయలను మార్చడం కష్టం. రైలు టికెట్లు, హోటళ్లకు ముందే కట్టేస్తాం కాబట్టి చేతి ఖర్చులకు సరిపడా చాలు. అంతా ఒకే పర్సులో పెట్టొద్దు.

ఫోన్, వాట్సాప్?

నమ్ముకోకండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ 2022 నుంచి బ్లాక్ అయ్యాయి, వాట్సాప్ కాల్స్‌పై 2025 ఆగస్టులో ఆంక్షలు మొదలయ్యాయి. విదేశీయులకు సిమ్ ఇవ్వడమూ 2025 నుంచి కఠినమైంది. భద్రతా కారణాలతో కొన్ని ప్రాంతాల్లో మొబైల్ ఇంటర్నెట్ ఆపేస్తున్నారు. సైబీరియాలో స్టేషన్ దాటితే ఎలాగూ సిగ్నల్ ఉండదు. మ్యాపులు, రష్యన్ అనువాదం ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. ఇంట్లోవాళ్లకు ఏ రోజు ఎక్కడ ఉంటామో కాగితం మీద రాసిచ్చి రండి. రెండు రోజులు ఫోన్ రాకపోతే కంగారు పడొద్దని ముందే చెప్పండి.

ఏ నెలలో రావాలి?

జూన్‌లో పీటర్స్‌బర్గ్‌లో రాత్రి పదకొండింటికీ వెలుతురే. తొలిసారి వచ్చేవాళ్లకు జూన్, సెప్టెంబర్ మేలు. సెప్టెంబర్‌లో భూర్జలు పసుపు పచ్చగా మారతాయి. గడ్డకట్టిన బైకాల్ మీద నడవాలంటే ఫిబ్రవరి చివర, మార్చి. చలి భయం ఉన్నవాళ్లకు ఒక సంగతి: శీతాకాలంలో బయట మైనస్ ఇరవై ఉన్నా బోగీలో చెమట పడుతుంది. లోపలికి పల్చటి కాటన్ బట్టలు, బయటికి మందపాటి కోటు. మధ్యరకం స్వెట్టర్లు ఎన్ని తెచ్చినా అంతగా పనికిరావు.

అమ్మానాన్నలకు అరవై ఐదు దాటాయి, రాగలరా?

మెట్లు ఎక్కగలిగితే రావచ్చు. కొన్ని స్టేషన్లలో ప్లాట్‌ఫాం కిందికి ఉంటుంది, రైలు మెట్లు నిటారుగా ఉంటాయి. వంతెనల మీదుగా పెట్టెలు మోయాలి, కూలీలు అన్నిచోట్లా దొరకరు. అందుకే మనిషికి ఒకే పెట్టె, ఎవరిది వాళ్లు ఎత్తగలిగినంత బరువు. రష్యాలో మెడిసిన్ చదువుతున్న పిల్లల్ని చూసి, అటునుంచి మాతో కలిసే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. వాళ్లు పిల్లల కోసం తెచ్చిన సామానంతా అక్కడే దించి రావాలి.

రోజూ వాడే మందులు మొత్తం ప్రయాణానికి సరిపడా, డాక్టర్ చీటీతో తెచ్చుకోండి. కోడీన్ ఉన్న దగ్గు మందులు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలపై అక్కడ కఠిన నిబంధనలున్నాయి. తప్పనిసరైతే తప్ప తేవద్దు.

కిటికీలోంచి ఫొటోలు తీసుకోవచ్చా?

ఊళ్లు, అడవులు, నదులు తీసుకోండి. వంతెనలు, సైనికులు, వాహనాలు ఎక్కించిన గూడ్సు రైళ్లు మాత్రం వద్దు. ఇప్పటి పరిస్థితుల్లో ఇది చిన్న విషయం కాదు. గైడ్ ‘ఫోన్ దించండి’ అంటే ఎందుకని అడగకుండా దించాలి.

బైకాల్ ఎటువైపు కనిపిస్తుంది?

ఇర్కుత్స్క్ నుంచి ఉలాన్-ఉదె వెళ్తుంటే ఎడమవైపు. కొండలు దిగి మలుపు తిరగగానే కింద నీళ్లు కనిపిస్తాయి, ఆ తర్వాత పాలరాతితో కట్టిన స్ల్యుద్యాన్క స్టేషన్ వస్తుంది. అక్కడి నుంచి సుమారు 200 కిలోమీటర్లు సరస్సు ఒడ్డునే. కొన్నిచోట్ల కట్ట కిందే అలలు. ప్రపంచంలోకెల్లా లోతైన సరస్సు, 1,642 మీటర్లు. ప్రపంచంలో నేల పైన గడ్డకట్టకుండా ఉన్న మంచినీటిలో దాదాపు ఐదో వంతు ఇక్కడే ఉంది. ఈ భాగం రాత్రి రైల్లో దాటడం మహా పాపమని మా గట్టి అభిప్రాయం. అందుకే పగటి రైలే పట్టుకుంటాం. కూపేలు ఏ వైపు వచ్చినా సరే, నడవాలో మడత సీట్లుంటాయి, అక్కడ కూర్చోండి. ఉలాన్-ఉదెలో దిగితే కూడలిలో లెనిన్ తల విగ్రహం, ఊరి బయట ఇవోల్గిన్‌స్క్ బౌద్ధ ఆరామం చూస్తాం.

స్టేషన్లో దిగి, రైలు కదిలిపోతే?

నడవాలో టైంటేబుల్ అంటించి ఉంటుంది, ఏ స్టేషన్లో ఎన్ని నిమిషాలో అందులోనే చూడాలి. రెండు నిమిషాల స్టేషన్లో ఎవరూ దిగొద్దు. పావుగంట దాటి ఆగేచోట దిగినా మీ బోగీ కనిపించేంత దూరంలోనే ఉండండి. రైలు ఆలస్యంగా వస్తే ఆగే సమయం తగ్గిస్తారు, కాబట్టి దిగేముందు అటెండెంట్‌ను వేళ్లతో అడగండి, ఆమె వేళ్లతోనే చెబుతుంది. అయినా తప్పిపోతే పరుగెత్తి కదిలే రైలు ఎక్కే ప్రయత్నం చేయొద్దు. స్టేషన్ డ్యూటీ ఆఫీసర్ గదికి వెళ్లండి, వాళ్లు రైల్లో ఉన్న సిబ్బందికి కబురు చేస్తారు. సామాను మా దగ్గర భద్రంగా ఉంటుంది, తర్వాత రైల్లో వచ్చి కలవొచ్చు. అందుకని ఐదు నిమిషాల కోసం దిగినా సరే పాస్‌పోర్టు, ఫోన్, కొన్ని రూబుళ్లు జేబులో ఉండాలి. చలికాలమైతే కోటు కూడా వేసుకునే దిగండి.